నేరస్థుడు కనబడని అన్యాయం: జాతివివక్షకు ఇంగితజ్ఞానం చెప్పే కారణాలు, సమాజశాస్త్రం చెప్పే కారణాలు

('డివైడెడ్ బై ఫెయిత్' గ్రంథంపై ఒక విమర్శనాత్మక పరిశీలన)

పరిచయం

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, ఒలేతా పట్టణంలో హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరు తుపాకి కాల్పులకు బలయ్యారు. ఆయన వెంట ఉన్న తెలుగు మిత్రుడు గాయపడ్డారు. దుండగుణ్ణి అడ్డగించబోయిన తెల్లజాతి యువకుడు కూడా తూటా దెబ్బ తిన్నారు. తమ దేశం విడిచి పొమ్మని అరుస్తూ అతడు కాల్చాడని సాక్షులు చెప్పారు.

ఆ వారం మేము ఒక గృహ ప్రార్థన కూడికలో ఉన్నాం. హంతకుని హృదయాన్ని మార్చమని, మృతుని కుటుంబాన్ని ఆదరించమని అందరం కన్నీటితో ప్రార్థించాం. కూడిక ముగిశాక, కొడుకు టెక్సాసులో ఉద్యోగం చేస్తున్న ఒక తల్లి మమ్మల్ని పక్కకు పిలిచి, "వాడొక్కడి మనసు మారితే మావాడికి భయం పోతుందా, అయ్యగారూ?" అని అడిగింది. ఆ క్షణాన మా వద్ద జవాబు లేదు. అందరి మనసులూ మారాలని ప్రార్థిద్దామమ్మా అన్నాం. ఆమె తల ఊపింది గాని ఆ మాటతో తృప్తి పడలేదని మాకు తెలుసు.

ఆమె ప్రశ్నలో ఒక లోతైన విషయం ఉంది. జాతివివక్ష కొందరు చెడ్డవారి హృదయాల్లో ఉండే ద్వేషమా? లేక ఎవరి హృదయంతోనూ నిమిత్తం లేకుండా నడిచే ఏర్పాటా? మొదటిది మన ఇంగితజ్ఞానం చెప్పే జవాబు. రెండవదాన్ని పరిశీలించమని సమాజశాస్త్రం అడుగుతుంది. కాపరి ఏ జవాబు నమ్ముతాడో దానినిబట్టే అతని ప్రసంగం, ప్రార్థన, పరిచర్య రూపు దిద్దుకుంటాయి. కనుక ఇది పండితుల వాదోపవాదం మాత్రమే కాదు.

ఈ చర్చకు ఆధారంగా మైకేల్ ఎమర్సన్, క్రిస్టియన్ స్మిత్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు రచించగా 2000లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన 'డివైడెడ్ బై ఫెయిత్' గ్రంథాన్ని ఎన్నుకున్నాం. అమెరికాలోని సువార్తిక క్రైస్తవులు జాతి సమస్యను ఎలా అర్థం చేసుకుంటారో పరిశోధించిన ఈ గ్రంథం వెలువడి రెండున్నర దశాబ్దాలు గడిచినా దాని ప్రశ్నలు పాతబడలేదు. అయితే దాని జవాబులన్నిటితో మేము ఏకీభవించలేం.

1. ఇంగితజ్ఞానం ఎక్కడ పొరబడుతుంది?

ఇంగితజ్ఞానాన్ని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. వంటింట్లో, పొలంలో, సంఘ కాపరిత్వంలో అది లేకుండా ఒక రోజైనా గడవదు. కానీ అది మనకు తెలిసిన కొద్దిమందిని చూసి లోకమంతటికీ సూత్రం కడుతుంది. పైగా తన సూత్రం తప్పని తేలే అవకాశాన్ని అది ఎన్నడూ ఇవ్వదు.

దీనికి పాల్ లాజర్స్‌ఫెల్డ్ 1949లో చూపిన ఉదాహరణ నేటికీ సాటిలేనిది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం తన సైనికుల అభిప్రాయాలను పెద్ద ఎత్తున సేకరించింది. వాటి ఫలితాలను సమీక్షిస్తూ ఆయన మొదట కొన్ని వాక్యాలు వరుసగా ఇచ్చాడు. నల్లజాతి సైనికులకంటే తెల్లజాతి సైనికులకే పదోన్నతిపై ఆసక్తి ఎక్కువన్నది వాటిలో ఒకటి. చదివినవాడు వెంటనే తల ఊపుతాడు. తరతరాల అణచివేతలో నల్లవారి ఆశలు అణగారిపోయాయి కదా అని కారణం కూడా తానే చెప్పుకుంటాడు. ఆ తరువాత లాజర్స్‌ఫెల్డ్ అసలు సంగతి బయటపెట్టాడు. ఆ వాక్యాలన్నీ పరిశోధనలో తేలినదానికి సరిగ్గా వ్యతిరేకం! పదోన్నతి కోరినవారు నల్లజాతి సైనికులలోనే ఎక్కువ. ఈ సంగతే ముందు చెప్పి ఉంటే, ఇంతకాలం అవకాశం దొరకనివారికి ఆతురత ఎక్కువే ఉంటుంది కదా అని అదే పాఠకుడు అంతే తేలికగా అనేవాడు. ఒక సంగతికీ, దానికి పూర్తిగా విరుద్ధమైన సంగతికీ ఒకే నమ్మకంతో కారణం చెప్పగలిగే జ్ఞానం నిజానికి దేనికీ కారణం చెప్పలేదు.

రెండవ ఉదాహరణ రిచర్డ్ లాపియేర్ 1934లో ప్రచురించిన పరిశోధన. ఆయన ఒక చైనా దంపతులతో కలిసి అమెరికా అంతటా ప్రయాణించాడు. చైనీయులపై ద్వేషం బలంగా ఉన్న రోజులవి. వారు వెళ్లిన 251 హోటళ్లు, భోజనశాలలు, విడిది గృహాలలో ఒక్కచోట మాత్రమే లోపలికి రానివ్వలేదు. తరువాత ఆ స్థలాలకే ఉత్తరాలు రాసి, చైనీయులను చేర్చుకుంటారా అని అడిగితే జవాబిచ్చిన వారిలో 90 శాతానికి పైగా చేర్చుకోమన్నారు. మనిషి మనసులోని అభిప్రాయం, అతడు చేసే క్రియ ఒకటి కాదని దీనివల్ల తెలుస్తుంది. రాబర్ట్ మెర్టన్ 1949లో ఈ విషయాన్నే మరో వైపునుండి చూపాడు. దురభిప్రాయం ఉన్నా వివక్ష చూపనివారు ఉన్నట్టే, దురభిప్రాయం ఏమీ లేకుండానే వివక్ష చూపేవారూ ఉన్నారని ఆయన వాదించాడు. యజమాని ఆజ్ఞ, ఖాతాదారులు పోతారన్న భయం, ఆఫీసు నియమం, ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనన్న జంకు వారిని నడిపిస్తాయి.

మూడవది మన ప్రసంగాలకు మరీ దగ్గరగా తగిలేది. ముందు హృదయం మారాలి, అప్పుడే సమాజం మారుతుందని మనం బోధిస్తాం. 1945లో ఐరోపా యుద్ధరంగంలో సైనికుల కొరత వల్ల, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన నల్లజాతి సైనికుల ప్లటూన్లను కొన్ని తెల్లజాతి కంపెనీలలో చేర్చారు. తరువాత అభిప్రాయం అడిగితే, అలా కలిసి పోరాడిన తెల్లజాతి సైనికులలో ఆ ఏర్పాటుపై వ్యతిరేకత చాలా స్వల్పంగా కనిపించింది. నల్లవారితో ఎన్నడూ కలిసి పనిచేయని దళాలలోనేమో అది బలంగా ఉంది. ఇక్కడ ఏర్పాటు ముందు మారింది, హృదయాలు దాని వెనుక నడిచాయి. అయితే ఏ కలయికైనా చాలునని అనుకోకూడదు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, ఒకరిపై ఒకరు ఆధారపడే పని, అధికారుల మద్దతు ఉన్నచోటనే కలయిక దురభిప్రాయాన్ని తగ్గిస్తుందని గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో వివరించాడు. యజమానురాలు, పనిమనిషి ఒకే వంటింట్లో ముప్పై ఏళ్లు కలిసి తిరిగినా వివక్ష చెక్కుచెదరకపోవడం మనకు తెలియనిది కాదు.

2. గ్రంథం చెప్పేదేమిటి?

ఎమర్సన్, స్మిత్‌లు దేశమంతటా ఫోను ద్వారా సర్వే జరిపారు, సుమారు 200 మందితో ముఖాముఖిగా మాట్లాడారు. వారు కలిసిన తెల్లజాతి సువార్తిక క్రైస్తవులలో అధికులు సౌమ్యులు, దైవభక్తి గలవారు, జాతిద్వేషం పాపమని మనస్ఫూర్తిగా నమ్మేవారు. అయినా నల్లజాతీయులు ఎందుకు వెనుకబడి ఉన్నారని అడిగినప్పుడు వారు వ్యక్తుల వైపే చూపారు. పట్టుదల లేకపోవడం, కుటుంబాలు చెదిరిపోవడం, పాత గాయాలను మరువకపోవడం వారు చెప్పిన కారణాలు. బడి, ఇల్లు, అప్పు, ఉద్యోగం మొదలైన వాటిలోని అసమానతను కారణంగా చూపినవారు తక్కువ. అదే విశ్వాసం, అదే బైబిలు గల నల్లజాతి క్రైస్తవులు మాత్రం ఇందుకు భిన్నంగా వ్యవస్థల వైపు చూపారు.

ఈ తేడాకు గ్రంథకర్తలు ఇచ్చిన వివరణ 'సాంస్కృతిక పనిముట్ల సంచి'. ఆన్ స్విడ్లర్ 1986లో ప్రతిపాదించిన భావన ఇది. వడ్రంగి తన సంచిలో ఉన్న పనిముట్లతోనే పనిచేసినట్లు, ప్రతి సమూహం తన సంస్కృతి ఇచ్చిన ఆలోచనలతోనే లోకాన్ని అర్థం చేసుకుంటుంది. తెల్లజాతి సువార్తికుల సంచిలో మూడు పనిముట్లున్నాయని వారంటారు. ప్రతి వ్యక్తీ తన స్వేచ్ఛాచిత్తంతో ఎన్నుకుంటాడు, దేవునికి తానే లెక్క అప్పగిస్తాడన్న వ్యక్తివాదం మొదటిది. మనుషుల మధ్య సంబంధాలు చెడడమే సమస్య, అవి బాగుపడడమే పరిష్కారమన్నది రెండవది. వ్యవస్థలను నిందించడం సొంత పాపాన్ని తప్పించుకోవడమేనన్న అనుమానం మూడవది. ఈ మూడూ సువార్త ప్రకటనలో ఎంతో ఉపయోగపడినవే. కానీ కొన్ని గాయాలకు ఈ పనిముట్లు అందవు.

గ్రంథంలో చరిత్ర భాగం కూడా విలువైనది. 18వ శతాబ్దపు మహా ఉజ్జీవ ప్రసంగీకుడు జార్జి విట్‌ఫీల్డ్ బానిసలకు సువార్త ప్రకటించాడు, యజమానుల క్రూరత్వాన్ని గద్దించాడు. అదే వ్యక్తి జార్జియాలో బానిసత్వాన్ని చట్టబద్ధం చేయాలని కోరాడు. తన అనాథాశ్రమ పోషణకు బానిసల శ్రమను వాడాడు. వ్యక్తుల ఆత్మల రక్షణ కోరిన హృదయం వ్యవస్థ విషయంలో ఎంత గుడ్డిదై ఉండగలదో చెప్పడానికి ఈ ఒక్క జీవితం చాలు.

3. ఎర్రగీతలు: ద్వేషం అక్కరలేని వివక్ష

'వ్యవస్థ' అన్న మాట మన విద్యార్థులకు పొగమంచులా తోస్తుంది. కనుక ఇంటి అప్పుల ఉదాహరణ తీసుకుంటాం.

1933లో అమెరికా ప్రభుత్వం ఇంటి యజమానుల రుణ సంస్థను స్థాపించింది. ఆ సంస్థ నగరాల పేటలను నాలుగు తరగతులుగా విభజించి పటాలు గీయించింది. నల్లజాతీయులు నివసించే పేటలకు సాధారణంగా చివరి తరగతి దక్కేది. పటంలో దాని రంగు ఎరుపు. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ బ్యాంకులిచ్చే ఇంటి అప్పులకు బీమా ఇచ్చేది. నల్లవారు నివసించే పేటలకు ఆ బీమా దాదాపుగా అందలేదు. పైపెచ్చు, కొత్త కాలనీల దస్తావేజులలో నల్లవారికి అమ్మరాదన్న షరతు ఉండాలని ఆ సంస్థే ప్రోత్సహించింది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో తీర్పిచ్చింది. ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968లో గాని రాలేదు.

ఈ ముప్పైనాలుగేళ్లలో జరిగినదేమిటి? తెల్లజాతి గుమస్తా ఒకడు తక్కువ వడ్డీకి అప్పు తీసుకుని ఇల్లు కొన్నాడు. దాని విలువ పెరిగింది. ఆ ఇంటిని ఆధారం చేసుకుని పిల్లలను కాలేజీకి పంపాడు. తన తరువాత ఇల్లు వారికి వదిలాడు. అదే జీతం గల నల్లజాతి గుమస్తా అద్దె కడుతూ వృద్ధుడయ్యాడు. బడుల నిధులలో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్ను నుండి వస్తుంది గనుక అతని పేటలోని బడి కూడా పేదదైంది. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు జరిపిన సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900 డాలర్లు.

ఈ కథలో హంతకుడు లేడు. పటం చూసి దరఖాస్తు తిరస్కరించిన బ్యాంకు ఉద్యోగి ఆదివారం ఆరాధనలో కన్నీటితో పాడినవాడు కావచ్చు. అతని మనసులో ద్వేషం వెదికితే దొరకకపోవచ్చు. అతడు మారుమనస్సు పొందినా సోమవారం ఉదయం పటం అదే చోట ఉంటుంది.

స్టోక్లీ కార్మైకేల్, చార్లెస్ హామిల్టన్‌లు 1967లో 'సంస్థాగత జాతివివక్ష' అన్న మాటను వాడుకలోకి తెచ్చినప్పుడు ఇదే తేడాను ఎత్తిచూపారు. 1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు మరణించారు. లోకం ఖండించింది. అదే నగరంలో సరైన తిండి, వసతి, వైద్యం లేక ఏటా ఎందరో నల్లజాతి పసికందులు చనిపోతుంటే ఎవరూ గుర్తించలేదు. మొదటిదానికి నేరస్థులున్నారు. రెండవదానికి పేరుపెట్టి పిలవగల నేరస్థుడు లేడు. ఇంగితజ్ఞానం మొదటిదాన్నే జాతివివక్ష అంటుంది.

4. పనిముట్ల వాదం చాలుతుందా?

ఇంతవరకు గ్రంథకర్తలతో మేము కలిసి నడిచాం. ఇక్కడ మాకు ఒక అభ్యంతరం ఉంది. తెల్లజాతి సువార్తికుల సంచిలో వ్యవస్థలను చూసే పనిముట్టు లేదని వారంటారు. అది నిజమా?

మద్యపానం విషయం తీసుకుందాం. తాగుబోతు హృదయం మారితే చాలునని ఆ సంఘాలు ఊరుకోలేదు. దశాబ్దాల తరబడి ఉద్యమం నడిపి, 1919లో ఆమోదం పొందిన 18వ రాజ్యాంగ సవరణ ద్వారా దేశమంతటా మద్య నిషేధం తెచ్చినవారిలో సువార్తిక సంఘాలు ముందున్నాయి. గర్భస్రావం విషయంలో కూడా అంతే. 1973 నాటి సుప్రీంకోర్టు తీర్పును మార్చించడానికి వారు ఎన్నికలు, న్యాయమూర్తుల నియామకాలు, రాష్ట్రాల చట్టాలు అన్నిటినీ వాడారు. 2022లో ఆ తీర్పు రద్దయ్యేవరకు విడిచిపెట్టలేదు. ఆ పోరాటాల మంచిచెడ్డలు ఇక్కడ మా చర్చ కాదు. చట్టం, సంస్థ, అధికారం మనుషుల నడతను తీర్చిదిద్దుతాయన్న జ్ఞానం వారికి పుష్కలంగా ఉందని మాత్రమే మేమంటున్నాం. పనిముట్టు సంచిలోనే ఉంది. జాతి విషయం రాగానే చేయి దానివైపు వెళ్లదు. ఎందుకు?

గ్రంథకర్తల జవాబు ఇక్కడ మెత్తబడుతుంది. అది సదుద్దేశం గల మనుషుల అమాయకత్వంగా మిగిలిపోతుంది. ఎరిక్ ట్రాన్‌బీ, డగ్లస్ హార్ట్‌మన్‌లు 2008లో ఈ గ్రంథాన్ని విమర్శిస్తూ, ఈ వ్యక్తివాదం జాతికి సంబంధం లేని తటస్థ ఆలోచన కాదనీ, తెల్లవారి ఆధిక్యాన్ని సహజమైనదిగా చూపడంలో దానికే ఒక పాత్ర ఉందనీ వాదించారు. మేము ఈ విమర్శను సమర్థిస్తాం. ఒక వివరణ మనకు నష్టం కలిగించనప్పుడు, పైగా మన ఇంటి విలువకు, మన మనశ్శాంతికి కాపలా కాస్తున్నప్పుడు, అది మనకు ఇంగితజ్ఞానంగా తోస్తుంది. ఎమర్సన్ స్వయంగా గ్లెన్ బ్రేసీతో కలిసి 2024లో వెలువరించిన గ్రంథంలో, అనేకమంది తెల్లజాతి క్రైస్తవులకు తెల్లదనమే ఒక మతంగా మారిందని మరింత కఠినంగా రాయడం గమనార్హం.

5. సమాజశాస్త్రం నిర్దోషి కాదు

ఇంగితజ్ఞానం తప్పు, శాస్త్రం ఒప్పు అని ముగిస్తే తేలిక. కానీ చరిత్ర అలా చెప్పదు. అమెరికాలో శీర్షికలో 'సోషియాలజీ' అన్న పదంతో వెలువడిన తొలి పుస్తకాలు రెండూ 1854 నాటివి. వాటిని రాసిన జార్జి ఫిట్జ్‌హ్యూ, హెన్రీ హ్యూజ్ ఇద్దరూ బానిసత్వ సమర్థకులే. మరోవైపు, 1899లోనే ఫిలడెల్ఫియా నల్లజాతి పేటలో ఇంటింటికీ తిరిగి లెక్కలు సేకరించి గొప్ప గ్రంథం రాసిన డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్‌ను విశ్వవిద్యాలయ సమాజశాస్త్రం దశాబ్దాలపాటు పక్కన పెట్టింది.

కోర్టులు కూడా శాస్త్రాన్ని, ఇంగితజ్ఞానాన్ని తమకు అనుకూలమైనప్పుడే వాడుకున్నాయి. 1790 నాటి చట్టం ప్రకారం విదేశాలనుండి వచ్చినవారిలో స్వతంత్రులైన తెల్లవారే అమెరికా పౌరులు కాగలరు. తన చర్మం తెల్లగానే ఉందని ఒక జపానీయుడు కోరగా, ఆయన కాకేసియన్ జాతివాడు కాడని 1922లో సుప్రీంకోర్టు తిరస్కరించింది. మరుసటి సంవత్సరం భారతీయుడైన భగత్ సింగ్ థింద్, నాటి శాస్త్రజ్ఞుల వర్గీకరణ ప్రకారం తాను కాకేసియన్‌నే అన్నాడు. అప్పుడు అదే కోర్టు శాస్త్రాన్ని పక్కనపెట్టి, సామాన్యుడి దృష్టిలో ఎవరు తెల్లవారో వారే తెల్లవారని తీర్పిచ్చింది. ఇంగితజ్ఞానమే చట్టమై మనవారి ముఖాన తలుపు వేసింది. ఆ తలుపు కొద్దిగానైనా తెరుచుకోవడానికి 1946 వరకు ఆగవలసి వచ్చింది. ఒలేతాలో వినిపించిన 'మా దేశం' అన్న అరుపు ఒక తాగుబోతు నోట పుట్టినది కాదు. దాని వెనుక శతాబ్దాల చట్టం ఉంది.

కాబట్టి సమాజశాస్త్రం విలువ దాని పేరులో లేదు, పద్ధతిలో ఉంది. తన మాట తప్పని తేలే పరీక్షకు అది నిలబడాలి, పోల్చి చూడాలి, లెక్క చూపాలి. దానికి మరో పరిమితి కూడా ఉంది. వ్యవస్థను చూపి వ్యక్తిని విడిచిపెట్టే ప్రమాదం దానికి ఎప్పుడూ ఉంటుంది. ఒలేతాలో ట్రిగ్గరు నొక్కిన వేలు ఒక మనిషిది. ఆ మనిషి దోషి, న్యాయస్థానం అతనికి యావజ్జీవ శిక్ష విధించింది. అదే గదిలో, అదే సమాజంలో పెరిగిన మరొక తెల్లజాతి యువకుడు ప్రాణానికి తెగించి అడ్డుపడ్డాడు. ఈ తేడాకు సమాజశాస్త్రం పూర్తి వివరణ ఇవ్వలేదు. మనస్సాక్షి అన్న మాట లేకుండా ఆ రాత్రిని చెప్పలేం.

6. లేఖనాల వెలుగులో

వ్యవస్థల మాట ఎత్తితే కొందరు విశ్వాసులు యెహెజ్కేలు 18వ అధ్యాయం తెరుస్తారు. తండ్రుల దోషం కుమారులు మోయరని అక్కడ ఉంది కదా అంటారు. నిజమే. ఆ అధ్యాయం దేవుని తీర్పులో దోషం ఎవరిదో చెబుతుంది. ఒక జనాంగం బాధకు కారణం ఏమిటన్నది వేరే ప్రశ్న. ఆ రెండూ కలిపివేయడమే యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు చేసిన పొరపాటు. పుట్టు గుడ్డివాడు కనబడగానే, పాపం వీడిదా, వీని కన్నవారిదా అని అడిగారు. అది వారి కాలపు ఇంగితజ్ఞానం. ప్రభువు ఆ ప్రశ్న రూపాన్నే తిరస్కరించాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది విషయంలోనూ (లూకా 13:4) అంతే.

అన్యాయపు విధులను శాసనాలుగా రాసేవారికి యెషయా 10:1-2 శ్రమ ప్రకటిస్తుంది. పాపం హృదయంలో మాత్రమే కాక కాగితం మీద కూడా ఉండగలదని ప్రవక్తకు తెలుసు. నెహెమ్యా 5వ అధ్యాయంలో పేదలు పొలాలు, ఇళ్లు కుదువపెట్టి మొరపెట్టినప్పుడు ఆయన సమాజకూటం పిలిచాడు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తిరిగి ఇప్పించాడు, యాజకుల యెదుట ప్రమాణం చేయించాడు. మంచి మనసు కలిగి ఉండండని బోధించి పంపివేయలేదు.

అన్నిటికంటే మనకు దగ్గరైనది అపొస్తలుల కార్యములు 6:1-7. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రకు లోపం జరుగుతోంది. హెబ్రీయులు వారిని ద్వేషించారని లూకా ఎక్కడా రాయలేదు. ఆత్మతో నిండిన సంఘం, ఉజ్జీవపు రోజులు, అయినా ఒక భాషవారికి భోజనం అందడం లేదు! అపొస్తలులు నేరస్థుణ్ణి వెదకలేదు, ఫిర్యాదు చేసినవారిని సణుగుతున్నారని గద్దించలేదు. పంపిణీ ఏర్పాటును మార్చారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఆ పేర్లవారందరూ తప్పక ఆ వర్గానికి చెందినవారేనని పేర్లను బట్టి రుజువు చేయలేం గాని, నష్టపోయినవారి వైపువారికి బాధ్యత అప్పగించారని అనేకమంది వ్యాఖ్యాతలు గ్రహించారు. దాని తరువాతి వచనంలోనే దేవుని వాక్యం ప్రబలిందని లూకా రాస్తాడు. ఏర్పాటు సరిచేయడం సువార్తకు అడ్డం కాలేదు, దారి తీసింది.

7. మన సంగతి

అమెరికాలో మన తెలుగువారి విజయాన్ని గూర్చి ఎన్నో సాక్ష్యాలు వింటున్నాం. కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు, నల్లవారు ఎందుకు రాలేదన్న మాట వాటి చివర అప్పుడప్పుడు వినబడుతుంది. 1965 వలస చట్టం, దాని తరువాత 1990లో ఏర్పడిన హెచ్-1బి వీసా ఏర్పాటు ఇక్కడినుండి ఎక్కువగా డిగ్రీలు, వృత్తి నైపుణ్యం గలవారినే ఎంచి తీసుకువెళ్లాయి. జల్లెడ పట్టగా మిగిలిన గట్టి గింజలను చూపి, మా పొలమంతా ఇంతేనని చెప్పడం న్యాయమా? జాతి ఆధారంగా వలసలను అడ్డుకున్న పాత చట్టం 1965లో తొలగిపోవడానికి వాతావరణం కల్పించింది నల్లజాతీయుల పౌరహక్కుల పోరాటమే. వారు నెత్తురోడ్చి తెరిచిన తలుపులోనుండి నడిచివెళ్లి, మీరెందుకు లోపలికి రాలేదని వారినే అడగడం కృతఘ్నత.

మరో లంకె కూడా ఉంది. మనుషులు జాతి, భాష, వర్గపు హద్దులు దాటనవసరం లేకుండా క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారన్న 'ఏకరూప సమూహ సూత్రం' అమెరికా సంఘాభివృద్ధి ఉద్యమానికి మూలస్తంభం. దాన్ని ప్రచారం చేసిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ 1897లో మధ్యభారతంలోని దమోహ్‌లో పుట్టి, మన దేశంలోనే మిషనరీగా పనిచేసి, ఇక్కడి సామూహిక మార్పులను చూసి ఆ సూత్రానికి వచ్చాడు. ఆయన చూసినది అబద్ధం కాదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు వారు కుటుంబాలుగా, జనంగా వచ్చారు. కానీ తలుపు దగ్గర పనికొచ్చిన సూత్రం ఇంటి పునాదిగా మారితే, జరిగేదాన్ని జరగవలసినదిగా పొరబడతాం. అమెరికాలో అది ఒకే జాతి సంఘాలకు సమర్థనగా పనిచేసింది. ఇక్కడ ఏమి చేసిందో పాఠకులకు మేము చెప్పనవసరం లేదు.

కులం, జాతి ఒకటి కావని ఆలివర్ కాక్స్ 1948లోనే గట్టిగా వాదించాడు. ఆ హెచ్చరికను గౌరవిస్తూనే ఒక మాట అంటాం. "మా సంఘంలో కులం లేదు, అందరం ప్రభువునందు ఒక్కటే" అనే కాపరి అబద్ధం చెప్పడం లేదు. అతడు తన హృదయాన్ని పరీక్షించుకుని చెబుతున్నాడు. సమాజశాస్త్రం అతణ్ణి వేరే చోట చూడమంటుంది. సంఘ కమిటీ పుస్తకం, పదేళ్ల వివాహ రిజిస్టరు, సమాధుల తోట చూడాలి. ఎవరి పేర్లు ఎక్కడ ఉన్నాయో, ఎక్కడ లేవో లెక్కపెట్టాలి. హృదయం దాచగలిగినదాన్ని రిజిస్టరు దాచలేదు.

ముగింపు

'డివైడెడ్ బై ఫెయిత్' మన సెమినరీ విద్యార్థులు తప్పక చదవవలసిన గ్రంథం. సదుద్దేశం చాలదని అది రుజువు చేసింది. సదుద్దేశమే ఒక్కొక్కసారి తెరగా మారి, మనకు లాభకరమైన అన్యాయాన్ని మననుండి దాచుతుందని అది తగినంత గట్టిగా చెప్పలేదన్నదే మా విమర్శ. హృదయ మార్పును బోధించడం మానమని మేము అనడం లేదు. నెహెమ్యా ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు, ఆ తరువాత దస్తావేజులు తెప్పించాడు. మన ప్రసంగాలు మొదటి రెండింటి దగ్గర ఆగిపోతున్నాయి.

ఆ తల్లి ప్రశ్నకు ఈ రోజు మేము ఇచ్చే జవాబు ఇది. లేదమ్మా, వాడొక్కడి మనసు మారినంత మాత్రాన నీ కొడుకు భయం పోదు. వాడి మనసు కోసం ప్రార్థిస్తాం. 'మా దేశం' అనే హక్కు ఎవరికి ఉందో రాసిపెట్టిన కాగితాలను కూడా చదువుతాం. నీ కొడుకు ఆరాధించే సంఘం ఆ పట్టణంలో ఎవరితో కలిసి కూర్చుంటుందో అడుగుతాం. ఇక్కడ మన సంఘపు రిజిస్టరు కూడా తెరిచి చూస్తాం. ఎందుకంటే మరొక తల్లి ఇదే ప్రశ్న మనవైపు చూసి అడుగుతూ ఉండవచ్చు.